బండి కదలనప్పుడు ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న

మిక్సీ తిరగకపోతే మనం ఏం చేస్తామండీ? ముందు కరెంటుందో లేదో చూస్తాం. ప్లగ్గు తీసి ఇంకోచోట పెట్టి చూస్తాం. అప్పటికీ కదలకపోతే జారు పక్కన పెట్టి, మిక్సీని వెల్లకిలా తిప్పి, అడుగున ఉన్న ఎర్ర బొత్తాం నొక్కుతాం. పప్పు ఎక్కువై మోటారు వేడెక్కితే అది దానంతట అదే ఆగిపోతుందని మనందరికీ తెలుసు. పది నిమిషాలు ఆగితే మళ్ళీ గిర్రున తిరుగుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో "నిన్న ఎవరు రుబ్బారు?" అని ఎవరూ పంచాయితీ పెట్టరు.

అదే కారు స్టార్ట్ అవ్వకపోతే చూడండి. ఇంట్లో వినపడే మొట్టమొదటి మాట, "నిన్న ఎవరు తీశారు?" తీసింది మగవాళ్ళయితే సంభాషణ అక్కడితో ఆగి, బ్యాటరీ వాడికి ఫోన్ వెళ్తుంది. తీసింది కోడలో, కూతురో అయితే మాత్రం కారు సంగతి పక్కకెళ్ళి, ఆమె డ్రైవింగ్ సంగతి మొదలవుతుంది. ఈ ప్రశ్న వల్ల మనసుకు కష్టం కలుగుతుందని నేనిక్కడ చెప్పబోవడం లేదు. అదెలాగూ కలుగుతుంది. ఈ ప్రశ్న వల్ల డబ్బు పోతుంది, బండి పాడవుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదకు వస్తుంది. నా అభిప్రాయం అది. ఎందుకో చెబుతాను.

మన రోడ్ల మీద బండికి కింద నుంచి దెబ్బ తగలడానికి పెద్దగా తప్పు చేయనక్కర్లేదు. లారీ చెడిపోయి రోడ్డు మధ్య ఆగితే డ్రైవరు వెనకాల నాలుగు రాళ్ళు, ఒక చెట్టుకొమ్మ పెడతాడు. బాగయ్యాక లారీ వెళ్ళిపోతుంది, రాళ్ళు అక్కడే ఉంటాయి. కోతల కాలంలో ధాన్యమో మొక్కజొన్నో రోడ్డు మీద ఆరబోస్తారు. దాని చుట్టూ హద్దుగా రాళ్ళు పేరుస్తారు, పట్టా ఎగరకుండా పైన రాళ్ళు పెడతారు. గింజలు ఎత్తుకుపోయినా ఒకటో రెండో రాళ్ళు మిగిలిపోతాయి. లారీల రీట్రేడ్ టైర్ల పైపొర ఊడి, పాము చర్మంలా రోడ్డు మీద పడి ఉంటుంది. అందులోని ఇనుప తీగలు ఎంత గట్టివంటే బంపర్‌ను చీల్చేస్తాయి. టిప్పర్ నుంచి జారిన కంకర సంగతి సరేసరి. పట్టపగలు వీటిని తప్పించుకోవచ్చు. రాత్రి ఎదురుగా హెడ్‌లైట్లు కొడుతుంటే, పక్కన లారీ ఉంటే, స్టీరింగు ఒక్కసారిగా లాగడం కంటే తిన్నగా పట్టుకుని ఆ రాయి మీద నుంచి వెళ్ళడమే మేలు. రాయి తగిలితే పోయేది ఇనుము. అడ్డంగా లాగితే మనుషులు పోవచ్చు.

మా చిన్న తోటికోడలు చేసింది సరిగ్గా అదే. రెండేళ్ళ క్రితం సంగతి ఇది. పిల్లలిద్దరినీ వెనక సీట్లో కూర్చోబెట్టుకుని పొద్దుగూకాక పుట్టింటి నుంచి వస్తోంది. ఎవరో లారీవాళ్ళు వదిలేసిన రాయి కారు కింద ఠప్పున కొట్టుకుంది. కాస్త దూరంలో పెట్రోల్ బంకు దగ్గర వెలుతురులో ఆపి, దిగి చూసింది. కింద ఏమీ కారడం లేదు. డ్యాష్‌బోర్డులో ఎర్ర దీపాలు లేవు. నిదానంగా ఇంటికొచ్చేసింది. పొద్దున్నే పిల్లల్ని బడికి తీసుకెళ్దామంటే కారు స్టార్ట్ అవ్వలేదు.

ఇక్కడ ఒక చిన్న వివరం గమనించాలి. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది. ఎప్పటిలాగే హుషారుగా, గట్టిగా తిరుగుతోంది. కానీ ఇంజన్ అందుకోవడం లేదు. మా మరిది "మూడేళ్ళయింది, బ్యాటరీ పోయుంటుంది" అని కొత్త బ్యాటరీ వేయించాడు. ఐదు వేలు దాటింది. స్టార్ట్ అవ్వలేదు. వీధి చివర షెడ్డు అతను వచ్చి "పెట్రోల్ పంపు అయ్యుండాలి" అని వెనక సీటు ఎత్తించి అంతా విప్పాడు. పంపు శుభ్రంగా ఉంది. అలా నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు ఇంకో మెకానిక్ వచ్చి, బండిని ముట్టుకోకముందే ఒక ప్రశ్న అడిగాడట. "అమ్మా, ఈమధ్య కింద ఏమైనా తగిలిందా?"

అప్పుడు చెప్పింది. అతను టార్చి పట్టుకుని కిందకు దూరాడు. ఇంజన్ కింది వైపు ఒక చిన్న సెన్సర్‌కు వెళ్ళే వైరు, దాన్ని పట్టి ఉంచే క్లిప్పు విరిగి వేలాడుతోంది. అది తిరిగే ఇరుసుకు ఒరుసుకుని ఒరుసుకుని తెగిపోయింది. స్కానర్ పెడితే అదే సెన్సర్ కోడ్, పీ0335, చూపించింది. వైరు అతికించి, కొత్త క్లిప్పు వేయడానికి గంట పట్టింది. ఆ గంట పనికి అయిన ఖర్చు బ్యాటరీ ధరలో పదో వంతు కూడా లేదు.

ఆ వారం నేను ఊళ్ళో లేను. ఫోన్లో విని "ముందే చెప్పకపోయావా?" అన్నాను. "చెబితే ఏమవుతుందో తెలుసు కదక్కా" అంది. తెలుసు. అంతకు ఆర్నెల్ల ముందు గేటుకు తగిలి డోరు మీద గీత పడితే మూడు నెలలు తాళాలు బీరువాలోకి వెళ్ళాయి. పిల్లల బడి, వాళ్ళమ్మగారిని మోకాళ్ళ ఫిజియోథెరపీకి తీసుకెళ్ళడం, అన్నీ ఆటోల పాలయ్యాయి. అలాంటప్పుడు నోరు మూసుకోవడం ఆమెకు తెలివైన పనిగానే కనపడింది. ఆ మౌనం ఆ ఇల్లే నేర్పింది. బ్యాటరీకి పెట్టిన ఐదు వేలూ నా లెక్కలో ఆ పాఠానికి కట్టిన ఫీజు.

జ్వరం వచ్చిన పిల్లాణ్ణి డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే ఆయన మొదట ఏం అడుగుతారు? ఎప్పుడు మొదలైంది, ఏం తిన్నాడు, ఎక్కడికి వెళ్ళాడు అని. "పానీపూరీ తిన్నాడు" అని చెబితే తిడతారేమోనని దాస్తే, ఆయన అక్కర్లేని పరీక్షలన్నీ రాస్తారు. బండి సంగతీ అంతే. కింద దెబ్బ తగిలిందన్న ఒక్క మాట, వెతకాల్సిన చోటును సగానికి సగం తగ్గిస్తుంది.

ఇక రెండో మాట. "కారు స్టార్ట్ అవ్వట్లేదు" అని చెప్పడం చాలదు. ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. బోరు మోటారు దగ్గర మనం రోజూ చేసే పనే. "మోటారు తిరుగుతోంది గానీ నీళ్ళు రావట్లేదు" అంటే ఒకటి, "స్విచ్చి వేస్తే అసలు చప్పుడే లేదు" అంటే ఇంకొకటి, "గుర్రు మంటోంది గానీ తిరగట్లేదు" అంటే మరొకటి. ఈ మూడింటికీ ముగ్గురు వేరే మనుషుల్ని పిలుస్తాం. కారు కూడా ఇలాగే మాట్లాడుతుంది.

తాళం తిప్పితే దీపాలు కూడా వెలగకపోతే, అసలు కరెంటే రావట్లేదన్నమాట. బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉండాలి, లేదా దాని టెర్మినల్ వదులై ఉండాలి, లేదా పెద్ద ఫ్యూజు పోయి ఉండాలి. ముందే కాస్త వదులుగా ఉన్న టెర్మినల్, గట్టి కుదుపుకు పూర్తిగా ఊడుతుంది.

దీపాలు వెలిగి, సెల్ఫ్ కొడితే టకటకటక మని వరసగా చప్పుడొస్తే, బ్యాటరీలో శక్తి చాలట్లేదు లేదా కనెక్షన్ సరిగా లేదు. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీ, దాని వైర్ల వైపు చూడాలి. లైట్లు ఏమాత్రం తగ్గకుండా ఒక్క 'టక్' మని ఊరుకుంటే అనుమానం సెల్ఫ్ మోటారు మీదకు వెళ్తుంది. చాలా కార్లలో ఈ మోటారు ఇంజన్‌కు కింది వైపున ఉంటుంది కాబట్టి, రాయి తగిలాక దాని వైరును చూడటం న్యాయం.

సెల్ఫ్ చక్కగా తిరుగుతూ ఇంజన్ అందుకోకపోతే, మా తోటికోడలి కారులాగా, బ్యాటరీని అనుమానించడం దండగ. అంత బరువైన ఇంజన్ని తిప్పుతున్న బ్యాటరీ చచ్చిపోయిందని ఎలా అంటాం? అప్పుడు చూడాల్సినవి పెట్రోల్ అందుతోందా, స్పార్క్ వస్తోందా, ఆ రెండూ ఎప్పుడు జరగాలో కంప్యూటర్‌కు చెప్పే సెన్సర్ పనిచేస్తోందా అన్నవి. పెట్రోల్ కారైతే తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా ఒక్క క్షణం ఆగి చెవి ఒగ్గండి. చాలా కార్లలో వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లపాటు 'జుయ్' మని సన్నటి చప్పుడొస్తుంది. అది పంపు. ఆ చప్పుడు రోజూ వినే అలవాటుంటే, రానిరోజు ఇట్టే తెలుస్తుంది. కుక్కర్ విజిల్ తేడాను పక్కగదిలోంచి పట్టేసే మనకు ఇదొక లెక్కా? కొన్ని కార్లలో గట్టి దెబ్బ తగిలితే పెట్రోల్ ఆపేసే స్విచ్చి కూడా ఉంటుంది, మన మిక్సీ ఎర్ర బొత్తాంలాగా. మళ్ళీ నొక్కితే పనిచేస్తుంది. కాకపోతే ఎక్కడా పెట్రోల్ కారడం లేదని రూఢి చేసుకున్నాకే నొక్కాలి.

నాలుగోది అన్నిటికంటే ఖరీదైనది. ముందురోజు డ్యాష్‌బోర్డులో నూనె గిన్నె బొమ్మ ఎర్రగా వెలిగి, ఈరోజు సెల్ఫ్ కొడితే 'ధన్' మని ఒక్క మోత మోగి ఆగిపోతే, ఇంజన్ పట్టేసి ఉండొచ్చు. ఇక ఒక్కసారి కూడా కొట్టకూడదు.

ఇక్కడ షెడ్డు భాషలో 'చాంబర్' గురించి చెప్పాలి. ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి అది. బండిలో బాగా కిందకు ఉండే భాగాల్లో ఇదొకటి. రాయి తగిలి చీలితే ఆయిల్ కారిపోతుంది. ఆయిల్ లేకుండా ఇంజన్ నడవడమంటే, నూనె లేకుండా ఇనుము మీద ఇనుమును రుద్దడమే. కొద్ది నిమిషాల్లో పని అయిపోతుంది. చాంబర్ మార్చడం వేలతో పోయే పని. ఇంజన్ పట్టేస్తే బిల్లు లక్షలకు వెళ్ళొచ్చు. అలాగే ముందువైపు రేడియేటర్‌కు చిల్లు పడితే కూలెంట్ కారిపోయి ఇంజన్ వేడెక్కుతుంది. టెంపరేచర్ ముల్లు పైకెళ్తుంటే ఆపేయడమే, "ఇంకో ఐదు కిలోమీటర్లేగా" అనుకోకూడదు. వేడి మీద రేడియేటర్ మూత తెరవకూడదు. కుక్కర్ ఆవిరి పోకుండా మూత తీస్తే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

కాబట్టి కింద ఏదైనా గట్టిగా తగిలితే, వెలుతురున్న చోట, రోడ్డు వారకు ఆపి, నాలుగు లైట్లూ వేసి, పిల్లల్ని ట్రాఫిక్ లేని వైపు దింపి, ముందు వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే తాళం తీసేసి అందరూ దూరంగా వెళ్ళడమే. ఇంక స్టార్ట్ చేసి చూడటాలు, ఫోన్ టార్చి పట్టుకుని కిందకు దూరడాలు వద్దు. వాసన లేకపోతే కింద చూడండి. ఇంటికొచ్చాక ఇంజన్ కింద పాత పేపరు పరిస్తే పొద్దున్నకి అదే సాక్ష్యం చెబుతుంది. నల్లగా, జిడ్డుగా ఉంటే ఆయిల్. ఆకుపచ్చగానో గులాబీగానో నీళ్ళలా ఉంటే కూలెంట్. రంగూ వాసనా లేని మంచినీళ్ళయితే ఏసీ నుంచి పడ్డవి, కంగారు లేదు. ఎలక్ట్రిక్ కారైతే అడుగంతా బ్యాటరీయే కాబట్టి, గట్టి దెబ్బ తగిలితే మనం ఏమీ ముట్టుకోకుండా కంపెనీ వాళ్ళను పిలవాలి. అందులో నారింజ రంగు వైర్లలో ఉండేది ప్రాణాలు తీసే కరెంటు. జాతీయ రహదారి మీద ఉంటే 1033కు ఫోన్ చేయొచ్చు, సాయం వస్తుంది. రోడ్డు మీద రాళ్ళున్నాయని చెప్పడానికీ అదే నంబరు. మన వెనక వచ్చేవాళ్ళకు పుణ్యం.

సెల్ఫ్ విషయంలో ఇంకో మాట. ఒకసారికి ఐదారు సెకన్లు, ఆ తర్వాత అర నిమిషం విరామం, ఇలా రెండు మూడుసార్లు చాలు. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు వచ్చి "నన్ను చూడనీ" అంటూ పదిసార్లు కొడితే, మొదట లేని రోగం కూడా వస్తుంది. బాగున్న బ్యాటరీ దిగిపోతుంది. అప్పుడు మెకానిక్‌కు రెండు సమస్యలు కనపడతాయి, అసలుదేదో తెలియదు. తోసి స్టార్ట్ చేద్దామనే ఉత్సాహం కూడా, కింద దెబ్బ తగిలిందని తెలిసినప్పుడు మానుకోవాలి. ఆయిల్ లేని ఇంజన్ని తోసి మరీ తిప్పడం దాన్ని చేజేతులా చంపుకోవడమే.

ఇన్సూరెన్స్ కాగితం ఎప్పుడైనా చదివారా? మనం చీరల బిల్లు చదివినంత శ్రద్ధగా దాన్ని చదవం. మన దేశంలో మోటారు పాలసీల్లో మామూలుగా ఉండే షరతు ఒకటుంది. ప్రమాదం జరిగాక, రిపేరు చేయించకుండా బండి నడిపితే, దానివల్ల పెరిగిన నష్టం యజమానిదే. అంటే రాయి తగిలి చీలిన చాంబర్‌కు సొంత నష్టం పాలసీలో డబ్బు రావచ్చు గానీ, తెలిసీ నడపడం వల్ల పట్టేసిన ఇంజన్‌కు రాదు. ఇంజన్ ప్రొటెక్ట్ లాంటి అదనపు కవర్లు తీసుకున్నా వాటి షరతులు వాటికుంటాయి. ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ అయితే మన బండికి పైసా రాదు. ఇప్పుడు ఆలోచించండి. తిడతారని భయపడి, చెప్పకుండా మర్నాడు కూడా అదే కారు నడిపే ఇల్లాలు ఎంత పెద్ద ప్రమాదంలో ఉందో. ఆమెను అక్కడికి నెట్టింది రాయి ఒక్కటేనా?

దీనికి పెద్దవాళ్ళు చెప్పే సమాధానం నాకు తెలుసు. "అడగకపోతే బాధ్యత ఎలా తెలుస్తుంది? ఇష్టమొచ్చినట్టు నడుపుతారు" అంటారు. అందులో కొంత నిజం ఉంది. ఫోన్ చూస్తూ నడిపితే, గుంటల్లో వేగంగా పోనిస్తే, అడగాల్సిందే. కానీ అడగడానికి ఒక వేళ ఉంది. ఇల్లు కాలుతున్నప్పుడు అగ్గిపుల్ల ఎవరు గీశారని అడగం కదా, ముందు నీళ్ళు పోస్తాం. బండి బాగయ్యాక, అందరూ భోంచేశాక, నిదానంగా మాట్లాడుకోవచ్చు. ఇంకోటి, అడిగితే అందర్నీ అడగాలి. బావగారు డివైడర్‌కు గీకించినప్పుడు "రోడ్లు అలా ఉన్నాయి" అని, కోడలికి రాయి తగిలినప్పుడు "చూసుకోవద్దూ?" అని అనేవాళ్ళకు, బాధ్యత అనే మాట ఎత్తే హక్కు లేదు.

"ఆడవాళ్ళకు ఇదంతా ఎందుకు, ఫోన్ చేస్తే మనిషి వస్తాడు" అనేవాళ్ళూ ఉన్నారు. వస్తాడు. వచ్చిన మనిషి ఏం జరిగిందమ్మా అంటే ఏం చెబుతాం? "ఏమో, స్టార్ట్ అవ్వట్లేదు" అంటే, అతను తనకు తోచిన చోటు నుంచి మొదలుపెడతాడు, మన ఖర్చుతో. "రాత్రి కింద రాయి తగిలింది, ఇరవై కిలోమీటర్లు బాగానే నడిచింది, ఏమీ కారలేదు, సెల్ఫ్ తిరుగుతోంది, అందుకోవట్లేదు" అని చెబితే, సగం పని మనమే చేసిపెట్టినట్టు. స్పానర్ పట్టుకోనక్కర్లేదు. చూసింది, విన్నది, వాసన పట్టింది చెప్పగలిగితే చాలు. డ్రైవింగ్ స్కూళ్ళలో ఎనిమిది వేయడం నేర్పుతారు, రివర్సు నేర్పుతారు. ఈ నాలుగు ముక్కలు మాత్రం ఎవరూ నేర్పరు. కాబట్టి ఇంట్లోనే నేర్పుకోవాలి, కూతుళ్ళకూ కొడుకులకూ కూడా.

మా ఇంట్లో డ్యాష్‌బోర్డు సొరుగులో ఒక చిన్న నోటుపుస్తకం, పెన్ను ఉంటాయి. ఏం తగిలింది, ఎప్పుడు, ఏ దీపం వెలిగింది, ఏం చప్పుడొచ్చింది. ఇంతే. ఎవరు నడిపారు అన్న గడి అందులో లేదు. మా వారు మొదట నవ్వారు. తర్వాత ఆయనే ఒకరోజు "స్పీడ్ బ్రేకర్ గీసుకుంది, సైలెన్సర్ దగ్గర గలగల" అని రాశారు. నేనేమీ అనలేదు, మెకానిక్‌కు చూపించాను.

పండగలకు పిల్లలు ఊళ్ళు తిరుగుతారు, కోడళ్ళు పుట్టిళ్ళకు వెళ్తారు. తాళం చేతికిచ్చేటప్పుడు "జాగ్రత్త" అని ఎలాగూ అంటాం. దాంతోపాటు ఇంకో మాట కూడా అనండి. "దారిలో ఏం తగిలినా ఆపి చూసుకో, వచ్చాక నాతో చెప్పు, తాళం మాత్రం వెనక్కి తీసుకోను."